రాష్ట్ర ప్రజోపయోగ సేవల రంగం: ఆర్థిక ఉత్పత్తి గణన

ఒక రాష్ట్రంలో విద్యుత్తు, గ్యాస్, నీటి సరఫరా, మురుగునీటి పారుదల, చెత్త సేకరణ వంటి సేవలు అందించే సంస్థలన్నీ కలిసి ఒక ఆర్థిక సంవత్సరంలో సృష్టించిన విలువను డబ్బు రూపంలో లెక్కగట్టే ప్రక్రియే ప్రజోపయోగ సేవల రంగ ఉత్పత్తి గణన. భారతదేశంలో ఈ లెక్కను జాతీయ గణాంక కార్యాలయం రూపొందించిన పద్ధతుల ప్రకారం ఆయా రాష్ట్రాల అర్థ గణాంక శాఖలు తయారు చేస్తాయి. జీఎస్‌డీపీగా వ్యవహరించే రాష్ట్ర స్థూలోత్పత్తి పట్టికల్లో ఇది ‘విద్యుత్తు, గ్యాస్, నీటి సరఫరా, ఇతర ప్రజోపయోగ సేవలు’ అన్న శీర్షిక కింద, ద్వితీయ రంగంలో భాగంగా కనిపిస్తుంది. వ్యవసాయం, వస్తు తయారీ, వాణిజ్యం వంటి రంగాలతో పోలిస్తే మొత్తం ఉత్పత్తిలో దీని వాటా చిన్నది. అయినా మిగిలిన రంగాలన్నీ దీని మీద ఆధారపడే నడుస్తాయి. పైగా ఈ రంగంలో విద్యుత్తు ధరలను మార్కెట్ కాక నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది, ఉత్పత్తిలో గణనీయమైన భాగం ఉచితంగానో రాయితీపైనో అందుతుంది, ఒక రాష్ట్రంలో పుట్టిన విద్యుత్తు మరో రాష్ట్రంలో ఖర్చవుతుంది. ఈ మూడు కారణాల వల్ల ఈ రంగపు ఉత్పత్తి గణన జాతీయ ఆదాయ గణాంకాల్లోని క్లిష్టమైన అధ్యాయాల్లో ఒకటిగా నిలిచింది.

చారిత్రక నేపథ్యం

స్వాతంత్ర్యానంతరం 1949లో పి.సి.మహలనోబిస్ అధ్యక్షతన, డి.ఆర్.గాడ్గిల్, వి.కె.ఆర్.వి.రావు సభ్యులుగా భారత ప్రభుత్వం నియమించిన జాతీయ ఆదాయ కమిటీ దేశంలో క్రమబద్ధమైన ఆదాయ అంచనాలకు పునాది వేసింది. ఆ తరువాత ఏర్పడిన కేంద్ర గణాంక సంస్థ దేశస్థాయి లెక్కలను చేపట్టగా, రాష్ట్రాలు తమ తమ లెక్కలను విడిగా వేసుకోసాగాయి. ఒక్కో రాష్ట్రం ఒక్కో పద్ధతిని అనుసరించడంతో రాష్ట్రాల మధ్య పోలిక కష్టమైంది. ఈ ఇబ్బందిని తొలగించడానికి 1970లలో ప్రాంతీయ ఖాతాల కమిటీ ఏర్పడి, ఆదాయం ఎవరికి చేరిందన్న దాన్ని బట్టి కాక ఎక్కడ పుట్టిందన్న దాన్ని బట్టి రాష్ట్రోత్పత్తిని లెక్కించాలన్న సూత్రాన్ని స్థిరపరచింది. నేటికీ రాష్ట్రాల లెక్కలన్నీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి.

ధరల పోలికకు ప్రమాణంగా తీసుకునే ఆధార సంవత్సరాన్ని కాలానుగుణంగా మార్చడం ఆనవాయితీ. 1948-49తో మొదలైన ఈ వరుస 1960-61, 1970-71, 1980-81, 1993-94, 1999-2000, 2004-05ల మీదుగా 2011-12 వరకు సాగింది. 2022-23ను తదుపరి ఆధార సంవత్సరంగా నిర్ణయించారు. వీటిలో 2015 జనవరిలో వెలువడిన 2011-12 శ్రేణి ప్రజోపయోగ సేవల రంగానికి ముఖ్యమైన మలుపు. అంతకుముందు ‘విద్యుత్తు, గ్యాస్, నీటి సరఫరా’గా ఉన్న శీర్షిక ఆ శ్రేణిలోనే ‘ఇతర ప్రజోపయోగ సేవల’ను కూడా కలుపుకుని విస్తరించింది.

రంగం హద్దులు

ఏది ఈ రంగంలోకి వస్తుంది, ఏది రాదు అన్నది జాతీయ పారిశ్రామిక వర్గీకరణ నిర్ణయిస్తుంది. 2008 నాటి వర్గీకరణలో విద్యుత్తు, గ్యాస్, ఆవిరి సరఫరాలు ఒక విభాగంగా, నీటి సరఫరా, మురుగు పారుదల, వ్యర్థాల నిర్వహణ మరో విభాగంగా ఉన్నాయి. జాతీయ ఖాతాలు ఈ రెండింటినీ ఒకే శీర్షిక కిందకు తెస్తాయి. 2004 నాటి వర్గీకరణలో పారిశుద్ధ్యం ఇతర సామాజిక సేవల్లోనూ, పాత సామగ్రిని తిరిగి వాడుకలోకి తెచ్చే పని వస్తు తయారీలోనూ ఉండేవి. అందువల్ల 2004-05 శ్రేణి అంకెలను 2011-12 శ్రేణి అంకెల పక్కన పెట్టి పెరుగుదలను లెక్కించడం పొరపాటు అవుతుంది. ఆ పెరుగుదలలో కొంత నిజమైన ఉత్పత్తి కాగా, కొంత కేవలం హద్దు జరపడం వల్ల వచ్చినది.

హద్దుల ప్రశ్న గ్యాస్ విషయంలో మరింత స్పష్టమవుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో భూగర్భం నుంచి సహజ వాయువును వెలికితీయడం గనుల రంగానికి చెందిన పని. ఆ వాయువును నగరంలోని ఇళ్లకు, హోటళ్లకు, వాహనాలకు గొట్టాల ద్వారా చేరవేయడం ప్రజోపయోగ సేవ. హైదరాబాద్, విజయవాడ, కాకినాడలలో ఈ పని చేసే భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ జోడించే విలువ ఈ రెండో కోవలోకి వస్తుంది. వంటగ్యాస్ సిలిండర్‌ను ఇంటికి చేర్చే డీలరు పని వాణిజ్యం కింద లెక్కకొస్తుంది. పల్లెల్లోని గోబర్ గ్యాస్ ఉత్పత్తిని భారత ఖాతాలు గ్యాస్ ఉపరంగంలోనే చేర్చుతున్నాయి.

నీటి విషయంలో కూడా ఇదే రకమైన విభజన ఉంది. శుద్ధిచేసి తాగునీటిగా అందించే నీరు ప్రజోపయోగ సేవ కాగా, ప్రభుత్వ కాలువల ద్వారా పొలాలకు పారే నీటి విలువను భారత ఖాతాలు సంప్రదాయంగా వ్యవసాయం కిందే చూపుతూ వచ్చాయి. ఒకే జలాశయం నుంచి సాగునీరు, తాగునీరు, జల విద్యుత్తు మూడూ వస్తున్నప్పుడు నిర్వహణ వ్యయాన్ని ఈ మూడింటికీ ఎలా పంచాలన్నది గణాంక అధికారి ఎదుట నిలిచే మొదటి చిక్కుల్లో ఒకటి.

జోడించిన విలువ

ఉత్పత్తి గణనకు కేంద్రమైన భావన జోడించిన విలువ. ఒక సంస్థ అమ్మకాల మొత్తం నుంచి, ఆ ఉత్పత్తి కోసం అది ఇతరుల వద్ద కొని వాడేసిన సరుకులు, సేవల ఖర్చును తీసివేయగా మిగిలేదే ఆ సంస్థ జోడించిన విలువ. అలా వాడేసిన వాటిని మధ్యంతర వినియోగం అంటారు. ప్రజోపయోగ సేవల్లో ఒకే సరుకు అనేక చేతులు మారి వినియోగదారుణ్ని చేరుతుంది కాబట్టి, ప్రతి దశలోని అమ్మకాలను కూడుకుంటూ పోతే ఒకే విలువ పదే పదే లెక్కలోకి వస్తుంది.

అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమస్య రూపం 1999 తరువాత మారింది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఉత్పత్తి, రవాణా, పంపిణీలను ఒక్క గొడుగు కిందే నడిపేది గనుక ఒకే జమాఖర్చుల పత్రం నుంచి మొత్తం విలువను రాబట్టడం సాధ్యమయ్యేది. 1998 నాటి విద్యుత్తు సంస్కరణల చట్టం ప్రకారం 1999 ఫిబ్రవరి 1న బోర్డు ఉత్పత్తి సంస్థ జెన్‌కో, రవాణా సంస్థ ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000 ఏప్రిల్‌లో పంపిణీ బాధ్యత నాలుగు డిస్కంలకు వెళ్లింది. అంతకుముందు ఒకే సంస్థ లోపల జరిగిన బదలాయింపులు అప్పటి నుంచి సంస్థల మధ్య కొనుగోళ్లు, అమ్మకాలుగా మారాయి.

ఊహాత్మకమైన ఒక ఉదాహరణ ఈ లెక్కను విశదం చేస్తుంది. జెన్‌కో 60 కోట్ల రూపాయల బొగ్గు, ఇతర సామగ్రిని వాడి 100 కోట్ల విలువైన విద్యుత్తును డిస్కంకు అమ్మిందనుకుంటే అది జోడించిన విలువ 40 కోట్లు. ట్రాన్స్‌కో 2 కోట్ల ఖర్చుతో 8 కోట్ల రవాణా రుసుము పొందితే దాని వంతు 6 కోట్లు. విద్యుత్తుకు 100 కోట్లు, రవాణాకు 8 కోట్లు, ఇతర సామగ్రికి 2 కోట్లు వెచ్చించిన డిస్కం వినియోగదారుల నుంచి 125 కోట్లు రాబడితే దాని వంతు 15 కోట్లు. మూడు సంస్థల అమ్మకాలు కలిపి 233 కోట్లయినా, రాష్ట్రోత్పత్తిలో చేరేది 61 కోట్లే. బొగ్గు ధర పెరిగి జెన్‌కో ఖర్చు 70 కోట్లకు చేరి, ఆ భారాన్ని అది డిస్కం మీదకు నెట్టి, డిస్కం మాత్రం చార్జీలు పెంచలేకపోతే డిస్కం జోడించిన విలువ 15 నుంచి 5 కోట్లకు పడిపోతుంది. వినియోగదారులకు అందిన యూనిట్లలో ఒక్కటి కూడా తగ్గకుండానే ప్రస్తుత ధరల్లో రంగపు ఉత్పత్తి 10 కోట్లు తగ్గినట్టు నమోదవుతుంది. సరఫరాలో నష్టపోయే యూనిట్లు, చౌర్యానికి గురయ్యే యూనిట్లు కూడా ఇదే విధంగా పనిచేస్తాయి. అవి కొనుగోలు ఖర్చులో ఉంటాయి, అమ్మకాల్లో ఉండవు.

జోడించిన విలువను ఆదాయాల వైపు నుంచి కూడా చూడవచ్చు. ఉద్యోగుల వేతనాలు, ఉత్పత్తి మీద కట్టే పన్నుల నుంచి ఉత్పత్తి సబ్సిడీలు తీసివేయగా మిగిలేది, సంస్థకు మిగిలే నిర్వహణ మిగులు కలిసి జోడించిన విలువ అవుతాయి. తరుగుదల, వడ్డీ, లాభం ఈ మిగులులోంచే వెళ్తాయి. విద్యుత్తు కేంద్రాలు, ఆనకట్టలు, తీగల వ్యవస్థ, నీటి గొట్టాలు భారీ పెట్టుబడితో నిర్మితమై దశాబ్దాల పాటు పనిచేస్తాయి గనుక ఈ రంగంలో తరుగుదల వాటా అధికం. అందుచేత తరుగుదలను కలుపుకున్న స్థూల విలువకు, దాన్ని మినహాయించిన నికర విలువకు మధ్య అంతరం చాలా రంగాల కంటే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది. డిస్కంలు నష్టాల్లో ఉన్నాయంటే అవి జోడించిన విలువ రుణాత్మకమని అర్థం కాదన్న విషయం కూడా దీన్నిబట్టి తేలుతుంది. వాణిజ్య లెక్కల్లోని నష్టం వడ్డీని, తరుగుదలను తీసివేసిన తరువాత వచ్చేది కాబట్టి, వేతనాలు చెల్లించి, వడ్డీలో కొంత భరించగలిగిన సంస్థ నష్టాల్లో ఉంటూనే ధనాత్మకమైన విలువను జోడిస్తుంది. 2015లో మొదలైన ఉదయ్ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వాలు డిస్కంల అప్పులను తలకెత్తుకున్నప్పుడు వాటి వడ్డీ భారం తగ్గింది. వడ్డీ మధ్యంతర వినియోగం కాదు గనుక ఆ మేరకు రంగపు ఉత్పత్తి అంకె పెరగదు.

ధరలు, సబ్సిడీలు

2015 నుంచి భారతదేశం రంగాలవారీ స్థూల విలువను మౌలిక ధరల్లో చూపుతోంది. ఉత్పత్తిదారుకు ఒక యూనిట్ మీద వాస్తవంగా దక్కే మొత్తమే మౌలిక ధర. వినియోగదారు కట్టే ధర నుంచి ఆ సరుకు మీద విధించే పన్నును తీసివేసి, ఆ సరుకు మీద ఇచ్చే సబ్సిడీని కలిపితే అది వస్తుంది. అన్ని రంగాల విలువలను మౌలిక ధరల్లో కూడి, సరుకుల మీది పన్నులను కలిపి, సరుకుల మీది సబ్సిడీలను తీసివేస్తే మార్కెట్ ధరల్లో రాష్ట్ర స్థూలోత్పత్తి వస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ భేదం ఎంతో ముఖ్యం. 2004లో అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఆ సరఫరా 24 గంటలకు విస్తరించింది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు చార్జీ లేకుండా విద్యుత్తు అందుతోంది. రైతు బిల్లు కట్టకపోయినా అతని పంపుసెట్టుకు చేరిన యూనిట్లు ఆర్థిక ఉత్పత్తి కాకుండా పోవు. ఒక యూనిట్ సరఫరాకు 7 రూపాయలు ఖర్చయి, ఆ 7 రూపాయలనూ ప్రభుత్వమే డిస్కంకు సబ్సిడీగా చెల్లిస్తే, మౌలిక ధరల్లో ఆ యూనిట్ విలువ 7 రూపాయలుగానే నమోదవుతుంది. ప్రభుత్వం 4 రూపాయలకే ఒప్పుకుంటే యూనిట్ 4 రూపాయల విలువతోనే లెక్కకొస్తుంది, మిగిలిన 3 రూపాయల లోటు డిస్కం నిర్వహణ మిగులును తగ్గిస్తుంది. కాబట్టి ఒకే సంఖ్యలో పంపుసెట్లు, ఒకే సంఖ్యలో యూనిట్లు ఉన్నా, బడ్జెట్‌లో సబ్సిడీకి ఒప్పుకున్న మొత్తాన్ని బట్టి రంగపు విలువ మారిపోతుంది. జాతీయ ఖాతాలు చెల్లింపు జరిగిన నాటిని కాక హక్కు ఏర్పడిన నాటిని ప్రమాణంగా తీసుకుంటాయి. అందువల్ల ప్రభుత్వం నుంచి రావలసి ఉండి ఇంకా అందని సబ్సిడీ కూడా ఆ ఏటి ఆదాయంగానే లెక్కలో చేరుతుంది. డిస్కం చేతిలో డబ్బు లేక బొగ్గు సంస్థకు బకాయి పడినా, ఉత్పత్తి గణన ఆ ఇబ్బందిని చూపదు.

ఒకే విద్యుత్తుకు వేర్వేరు వర్గాల నుంచి వేర్వేరు చార్జీలు వసూలు చేసి, పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు కట్టే అధిక చార్జీలతో గృహ, వ్యవసాయ వినియోగపు లోటును పూడ్చుకునే అంతర్గత రాయితీ మరో చిక్కు తెస్తుంది. ఇది ప్రభుత్వ ఖజానా గుండా నడవదు గనుక సబ్సిడీ ఖాతాలో కనబడదు. పరిశ్రమ వాటా ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో సగటు చార్జీ పెరిగి ప్రజోపయోగ రంగపు విలువ ఎక్కువగా కనిపిస్తుంది. అదే సమయంలో, విద్యుత్తు ఖర్చు పరిశ్రమలకు మధ్యంతర వినియోగం కాబట్టి వస్తు తయారీ రంగపు విలువ ఆ మేరకు తగ్గుతుంది.

స్థిర ధరల్లో లెక్క

ఉత్పత్తి పెరిగిందా, ధరలే పెరిగాయా అన్నది తేల్చడానికి అంకెలను ఆధార సంవత్సరపు ధరల్లోకి మార్చడాన్ని స్థిర ధరల్లో లెక్కించడం అంటారు. దీనికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. ఆధార సంవత్సరపు విలువను యూనిట్ల సంఖ్యలో వచ్చిన మార్పుతో పెంచుకుంటూ పోవడం మొదటిది. ప్రస్తుత ధరల్లోని విలువను టోకు ధరల సూచీలోని విద్యుత్తు ధరతో భాగించడం రెండవది. అమ్మకాలను విద్యుత్తు ధరతోనూ, బొగ్గు వంటి ఖర్చులను వాటి వాటి ధరలతోనూ వేర్వేరుగా సవరించి, ఆ తరువాతే ఒకదానిలోంచి మరొకటి తీసివేయడం మూడవది.

ఈ మార్గాల మధ్య తేడా వర్షాభావ సంవత్సరాల్లో బాగా తెలుస్తుంది. జల విద్యుత్తుకు ఇంధన ఖర్చు దాదాపు ఉండదు గనుక దాని అమ్మకపు విలువలో అధిక భాగం జోడించిన విలువే. బొగ్గు విద్యుత్తులో మాత్రం పెద్ద భాగం ఇంధనానికే పోతుంది. కృష్ణానదికి వరద రాని సంవత్సరంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ కేంద్రాల ఉత్పత్తి తగ్గి, ఆ లోటును బొగ్గు కేంద్రాలు పూడిస్తే యూనిట్ల సంఖ్య అంతే ఉంటుంది. మొదటి మార్గంలో లెక్కిస్తే ఏ మార్పూ కనిపించదు. మూడో మార్గంలో లెక్కిస్తే రంగపు నిజమైన విలువ తగ్గినట్టు తేలుతుంది. వాస్తవానికి ఎక్కువ దగ్గరైనది ఈ మూడోదే అయినా, ప్రతి ఖర్చుకూ విడివిడి ధరల సూచీ అవసరమవుతుంది కాబట్టి రాష్ట్ర స్థాయిలో దాన్ని అమలు చేయడం కష్టతరం.

రాష్ట్రాల మధ్య కేటాయింపు

ఆదాయం ఎక్కడ పుట్టిందో అక్కడే లెక్కించాలన్న సూత్రం విద్యుత్తు రంగంలో కొన్ని ఆసక్తికరమైన ఫలితాలనిస్తుంది. శ్రీశైలం జలాశయం ఒక్కటే అయినా, 900 మెగావాట్ల ఎడమగట్టు కేంద్రం తెలంగాణలోనూ, 770 మెగావాట్ల కుడిగట్టు కేంద్రం ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉండడంతో అదే నీటి నుంచి పుట్టే విలువ రెండు రాష్ట్రాల ఖాతాల్లోకి చీలుతుంది. 2014 విభజన సమయంలో ఖమ్మం జిల్లా నుంచి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినప్పుడు, చింతూరు మండలంలోని 460 మెగావాట్ల దిగువ సీలేరు జల విద్యుత్తు కేంద్రం కూడా వాటితో పాటే ఆ రాష్ట్ర పరిధిలోకి వెళ్లింది. సరిహద్దు జరిగితే కేంద్రం చోటు మారకపోయినా దాని విలువ చేరే రాష్ట్రం మారుతుంది. విభజనకు ముందు సంవత్సరాల అంకెలను రెండు రాష్ట్రాలకు వెనకటి తేదీలతో వేరు చేసేటప్పుడు ఇటువంటి ప్రతి కేంద్రాన్నీ విడిగా గుర్తించవలసి ఉంటుంది. విభజన వేళ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు విద్యుత్తును వరుసగా 53.89, 46.11 శాతాలుగా పంచిన నిర్ణయం వినియోగానికి సంబంధించినది. కేంద్రం ఎక్కడ ఉంటే ఉత్పత్తి విలువ అక్కడే నమోదవుతుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థలకూ ఇదే వర్తిస్తుంది. రామగుండంలోని 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ విద్యుత్తు పంపుతుంది. అయినా అది జోడించిన విలువ తెలంగాణ ఖాతాలోకే వస్తుంది. పరవాడ దగ్గరి 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం విలువ ఆంధ్రప్రదేశ్‌కు చేరుతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణ కొన్న విద్యుత్తు ఛత్తీస్‌గఢ్ ఉత్పత్తి కాగా, తెలంగాణ లెక్కలో అది డిస్కంల కొనుగోలు ఖర్చు మాత్రమే. అనేక రాష్ట్రాల గుండా సాగే పవర్‌గ్రిడ్ తీగల విషయంలో ఉత్పత్తి ఫలానా చోట జరిగిందని చెప్పడానికి వీలుండదు. అందుకని సంస్థ మొత్తం విలువను తగిన సూచికల ఆధారంగా రాష్ట్రాలకు పంచవలసి వస్తుంది.

ఒకే సంస్థ రెండు రంగాల్లో పనిచేసినప్పుడు మరో ప్రశ్న పుడుతుంది. సింగరేణి కాలరీస్ ప్రధానంగా బొగ్గు గనుల సంస్థ. అయితే మంచిర్యాల జిల్లా జైపూర్‌లో దానికి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. సంస్థను మొత్తంగా ఒకే యూనిట్‌గా చూస్తే విద్యుత్తు విలువ కూడా గనుల కింద పడిపోతుంది. కార్యస్థలాలను విడదీసి చూస్తే బొగ్గు గనుల్లోకి, విద్యుత్తు ప్రజోపయోగ సేవల్లోకి వెళ్తాయి. అలాంటప్పుడు గని నుంచి కేంద్రానికి వెళ్లే బొగ్గుకు ఏదో ఒక ధర కట్టక తప్పదు. ఆ ధర ఎక్కువైతే గనుల రంగం, తక్కువైతే విద్యుత్తు రంగం పెద్దదిగా కనిపిస్తుంది. సొంత అవసరాలకు కర్మాగారాలు నడుపుకునే విద్యుత్తు కేంద్రాలు ఆ కర్మాగారానికి అనుబంధ కార్యకలాపంగా వస్తు తయారీలోనే కలిసిపోతాయి.

జిల్లాస్థాయి ఉత్పత్తిలో ఈ సూత్రం ప్రభావం మరింత తీవ్రం. పెద్ద విద్యుత్తు కేంద్రం ఉన్న జిల్లా తలసరి ఉత్పత్తి ఉన్నట్టుండి ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఆ కేంద్రం లాభం, వడ్డీ జిల్లా బయటికి పోతాయి. బూడిద, నీటి కొరత, భూమి కోల్పోయిన కుటుంబాల కష్టం మాత్రం అక్కడే మిగులుతాయి. తలసరి ఉత్పత్తిని ప్రజల జీవన స్థాయికి కొలతగా తీసుకునేవారు ఈ భేదాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

నీరు, పారిశుద్ధ్యం

విద్యుత్తుకు కంపెనీల ఆడిటైన జమాఖర్చుల పత్రాలు దొరుకుతాయి. నీటి సరఫరా, పారిశుద్ధ్యాల్లో అటువంటి సౌలభ్యం అన్నిచోట్లా లేదు. హైదరాబాద్ మహానగర మంచినీటి సరఫరా, మురుగు పారుదల మండలి వంటి ప్రత్యేక సంస్థలు విడి ఖాతాలు నిర్వహిస్తాయి. చాలా పురపాలక సంఘాల్లో, పంచాయతీల్లో మాత్రం నీటి ఖర్చు సాధారణ బడ్జెట్‌లోనే కలిసి ఉంటుంది. మిషన్ భగీరథ, 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ వంటి పథకాల ద్వారా ఇంటింటికీ చేరే నీటికి గ్రామాల్లో వసూలయ్యే రుసుము స్వల్పం. మార్కెట్ ధర లేని ఇటువంటి సేవలను వాటికైన ఖర్చుతోనే విలువ కడతారు. సిబ్బంది వేతనాలు, నిర్వహణ ఖర్చు, ఆస్తుల తరుగుదల కలిసి ఉత్పత్తి విలువ అవుతాయి. ఈ పద్ధతిలో ఎక్కువ ఖర్చుపెట్టి తక్కువ నీరిచ్చే వ్యవస్థ, తక్కువ ఖర్చుతో ఎక్కువ నీరిచ్చే వ్యవస్థ కంటే పెద్ద ఉత్పత్తిని చూపే ప్రమాదం ఉంది.

చెత్త ఏరుకుని, వేరుచేసి, అమ్ముకుని బతికే అసంఘటిత కార్మికుల శ్రమను లెక్కించడానికి ఖాతా పుస్తకాలుండవు. నమూనా సర్వేల ద్వారా అటువంటి కార్మికుల సంఖ్యను, ఒక్కో కార్మికుడు సగటున జోడించే విలువను అంచనా వేసి, రెండింటినీ గుణించి రంగానికి కలుపుతారు. సర్వేలో జారిపోయిన ప్రతి కార్మికుడి శ్రమా రాష్ట్రోత్పత్తిలోంచి జారిపోతుంది. నగరాన్ని శుభ్రంగా ఉంచుతున్న ఈ మనుషుల పనికి న్యాయం జరగాలంటే సర్వేల నాణ్యత మెరుగుపడడం తప్పనిసరి.

సమాచారం, అంచనాల దశలు

సంవత్సరం పూర్తికాకముందే బడ్జెట్ అవసరాల కోసం ముందస్తు అంచనాలు వెలువడతాయి. అప్పటికి సంస్థల ఖాతాలు సిద్ధం కావు కాబట్టి విద్యుత్తు ఉత్పత్తి యూనిట్లు, అమ్మకాలు వంటి భౌతిక సూచికల ఆధారంగా గత సంవత్సరపు విలువను ముందుకు జరుపుతారు. దేశస్థాయిలో ఈ పనికి పారిశ్రామికోత్పత్తి సూచీలోని విద్యుత్తు భాగం ఉపయోగపడుతుంది. 2011-12 ఆధార శ్రేణిలో ఆ సూచీలో విద్యుత్తుకు 7.99 శాతం ప్రాధాన్యం ఇచ్చారు. ఖాతాలు ఆడిటై అందిన కొద్దీ ఈ అంచనాలను పలు విడతలుగా సవరిస్తారు. ఇంధన ధరలు తీవ్రంగా మారిన సంవత్సరాల్లో యూనిట్ల ఆధారంగా వేసిన తొలి అంచనాకూ, ఖాతాల ఆధారంగా వచ్చిన తుది అంకెకూ గణనీయమైన తేడా రావచ్చు. తెలంగాణ సామాజిక ఆర్థిక ముఖచిత్రం, ఆంధ్రప్రదేశ్ సామాజిక ఆర్థిక సర్వే వంటి వార్షిక ప్రచురణల్లోని అంకెలను వాడేటప్పుడు అవి ఏ విడత అంచనాలో గమనించి తీరాలి.

అమెరికా పద్ధతితో పోలిక

అమెరికాలో ఆర్థిక విశ్లేషణ బ్యూరో రాష్ట్రాలవారీగా ప్రజోపయోగ సేవల ఉత్పత్తిని ప్రకటిస్తుంది. అక్కడి వర్గీకరణలో 22వ సంఖ్య గల ఈ రంగంలో విద్యుత్తు, సహజ వాయువు పంపిణీ, నీరు, మురుగు పారుదల ఉంటాయి. చెత్త నిర్వహణ మరో రంగానికి చెందుతుంది. అంతకంటే ముఖ్యమైన తేడా యాజమాన్యానికి సంబంధించినది. టెనెసీ వ్యాలీ అథారిటీ వంటి ఫెడరల్ సంస్థలను, నగర పాలక సంస్థలు నడిపే విద్యుత్తు, నీటి సంస్థలను అక్కడి ఖాతాలు ప్రభుత్వ రంగంలో చూపుతాయి. విద్యుత్తు పంపిణీ అంతా ప్రజా యాజమాన్య, సహకార సంస్థల చేతిలోనే ఉన్న నెబ్రాస్కా వంటి రాష్ట్రంలో అందువల్ల ప్రజోపయోగ రంగపు అంకె వాస్తవ సరఫరా కంటే తక్కువగా కనిపిస్తుంది. భారత ఖాతాల్లో యాజమాన్యం ఎవరిదైనా విద్యుత్తు విద్యుత్తు రంగంలోనే ఉంటుంది. లేకపోతే జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలన్నీ ప్రభుత్వానివే అయిన తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగం చాలావరకు కనుమరుగయ్యేది. స్థిర ధరల లెక్కలోనూ తేడా ఉంది. అమెరికా ఏటేటా ధరల ప్రాధాన్యాలను మార్చే గొలుసు సూచీని వాడుతుంది, భారతదేశం నిర్ణీత ఆధార సంవత్సరపు ధరలను అనుసరిస్తూ వచ్చింది. ఈ భేదాలను పక్కనపెట్టి రెండు దేశాల రాష్ట్రాల వాటాలను నేరుగా పోల్చడం సరికాదు.

కొత్త సవాళ్లు

పునరుత్పాదక విద్యుత్తు పెరుగుదల పాత గణన పద్ధతులను పరీక్షిస్తోంది. 1,000 మెగావాట్ల కర్నూలు సౌర పార్కు వంటి కేంద్రాలకు ఇంధన ఖర్చు ఉండదు గనుక యూనిట్‌కు తక్కువ ధర పలికినా అందులో జోడించిన విలువ నిష్పత్తి ఎక్కువ. బొగ్గు వాటా తగ్గి సౌర విద్యుత్తు పెరిగిన రాష్ట్రంలో అమ్మకాల్లో జోడించిన విలువ ఎంత శాతం అన్న పాత నిష్పత్తులను ఏళ్ల తరబడి వాడితే లెక్క తప్పుతుంది. పిన్నాపురం వంటి పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు చౌకగా ఉన్న వేళ విద్యుత్తు వాడి నీటిని పైకి ఎత్తి, గిరాకీ వేళ తిరిగి ఉత్పత్తి చేస్తాయి. అవి తీసుకునే యూనిట్లు ఇచ్చే యూనిట్ల కంటే ఎక్కువ. యూనిట్లను మాత్రమే లెక్కిస్తే అది నష్టంగా కనిపిస్తుంది, కానీ అవసరమైన వేళకు విద్యుత్తును అందించడమే అక్కడి ఉత్పత్తి కాబట్టి వేళలను బట్టి ధరను చూసినప్పుడే దాని విలువ బయటపడుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ఇంటి కప్పుల మీద పెరుగుతున్న సౌర ఫలకాలు కుటుంబాలనే ఉత్పత్తిదారులుగా మారుస్తున్నాయి. సొంత వాడకానికి ఉత్పత్తి చేసుకున్న విద్యుత్తు కూడా అంతర్జాతీయ ఖాతాల ప్రమాణాల ప్రకారం ఉత్పత్తే. అయితే మీటరు చూపేది గ్రిడ్‌తో జరిగిన ఇచ్చిపుచ్చుకోలును మాత్రమే గనుక ఆ ఉత్పత్తిని విడిగా అంచనా వేయాలి.

పర్యావరణం మరొక సవాలు. థర్మల్ కేంద్రం వదిలే పొగ, బూడిద వల్ల ప్రజల ఆరోగ్యానికి, భూమికి కలిగే నష్టం జోడించిన విలువలోంచి తీసివేయబడదు. ఐక్యరాజ్య సమితి గణాంక సంఘం 2025లో ఆమోదించిన కొత్త జాతీయ ఖాతాల ప్రమాణం సహజ వనరుల తరుగును ఉత్పత్తి వ్యయంగా గుర్తిస్తూ, నికర ఉత్పత్తికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తోంది. ఇది అమల్లోకి వచ్చిన తరువాత బొగ్గు గనుల నికర విలువ మారుతుంది. దానితోపాటు బొగ్గు మీద ఆధారపడే విద్యుత్తు రంగాన్ని అర్థం చేసుకునే తీరు కూడా మారవలసి వస్తుంది.

ప్రయోజనం, పరిమితులు

ఈ గణన అధికారుల పట్టికలకే పరిమితమైన విషయం కాదు. తలసరి రాష్ట్రోత్పత్తి ఆధారంగా లెక్కించే ఆదాయ అంతరానికి 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల పంపిణీ సూత్రంలో 45 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. రాష్ట్రాల రుణపరిమితి కూడా జీఎస్‌డీపీలో శాతంగానే నిర్ణయమవుతుంది. విద్యుత్తు సంస్కరణలు చేపట్టిన రాష్ట్రాలకు జీఎస్‌డీపీలో అదనంగా 0.5 శాతం వరకు రుణం తీసుకునే వీలును అదే సంఘం సిఫార్సు చేసింది. విద్యుత్తు రంగం రాష్ట్రోత్పత్తిలో ఒక భాగమై ఉంటూనే, ఆ రాష్ట్రోత్పత్తి ఆధారంగా రాష్ట్రానికి దక్కే వనరులనూ ప్రభావితం చేస్తోంది.

అయితే జోడించిన విలువ ఒక్కటే ఈ రంగపు పనితీరుకు కొలత కాజాలదు. చార్జీలు పెంచితే ఆ విలువ పెరుగుతుంది, బొగ్గు ధర పెరిగితే తగ్గుతుంది, సరిహద్దు జరిగితే రాష్ట్రం మారుతుంది. ఈ మూడు సందర్భాల్లోనూ ప్రజలకు అందిన వెలుగు, నీరు, పరిశుభ్రత అంతే ఉండవచ్చు. అందువల్ల రూపాయల్లోని విలువతో పాటు సరఫరా అయిన యూనిట్లు, సరఫరా గంటలు, పంపిణీ నష్టాలు, తలసరి తాగునీటి పరిమాణం, శుద్ధి అయిన మురుగునీటి శాతం, ఒప్పుకున్న సబ్సిడీ, వాస్తవంగా చెల్లించిన సబ్సిడీ అన్న వివరాలను జిల్లాలవారీగా, ఒకే పట్టికలో ప్రచురించడం అవసరం. అప్పుడే రంగపు విలువలో వచ్చిన మార్పు సేవలో వచ్చిన మార్పా, ధరలో వచ్చిన మార్పా, లెక్క వేసే పద్ధతిలో వచ్చిన మార్పా అన్నది శాసనసభ్యులకు, పరిశోధకులకు, బిల్లు కట్టే సామాన్యులకు స్పష్టంగా తెలుస్తుంది.